సేనానులు దిగేలోగా: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సైనిక పాలన పోయి ప్రజా ప్రభుత్వం వచ్చే దేశాల్లో ప్రతిపక్షం ముందుగా ఏమేం సిద్ధం చేసుకోవాలి? మయన్మార్, సూడాన్, థాయ్‌లాండ్ వార్తలు చూసి జంటనగరాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఏడింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఎన్నికలు ఎలా గెలవాలనే ఎక్కువమంది అడిగారు. మా జవాబులు మాత్రం పదే పదే గెలిచిన మర్నాటి వైపు వెళ్తాయి. చాలా దేశాల్లో పని చెడింది అక్కడే.

ప్రశ్న: ఓయూలో రాజనీతి శాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాను. సైనిక ప్రభుత్వానికి ఎదురుగా పది పార్టీలుంటే అవి దేని మీద ఒప్పందానికి రావాలి? వాటి సిద్ధాంతాలే కలవవు కదా! – తార్నాక పాఠకురాలు

సిద్ధాంతాలు కలవనక్కర్లేదమ్మా. తేల్చుకోకపోతే కొంప మునిగే విషయాలు మూడు నాలుగే ఉంటాయి. అవి కాగితం మీదకు రావాలి.

మొదటిది అభ్యర్థి. 1987 జూన్‌లో దక్షిణ కొరియా జనం వీధుల్లోకొచ్చి అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే హక్కు సాధించుకున్నారు. డిసెంబరు 16న పోలింగ్. ప్రతిపక్షం నుంచి కిమ్ యంగ్ సామ్, కిమ్ డే జంగ్ ఇద్దరూ నిలబడ్డారు. ఒకరికి 28 శాతం, ఇంకొకరికి 27 శాతం వచ్చాయి. పాలకుల మనిషి, మాజీ జనరల్ రో టే వూ 36.6 శాతంతో గెలిచాడు. ఎవరికి వారే యమునా తీరే అంటే ఇదే. అయితే దీనికి విరుగుడు పేరు ముందే ప్రకటించడం కాదు. పేరు ఎలా తేలుస్తారు, ఏ తేదీలోగా తేలుస్తారు అన్నది ముందే ఒప్పుకోవడం. చిలీలో పదిహేనుకు పైగా పార్టీలు 1988 ప్రజాభిప్రాయ సేకరణలో సైనిక నియంత పినోచెట్ 'వద్దు' అన్న ఒక్క మాట మీద కలిశాయి. పాట్రిసియో ఐల్విన్ వాళ్ల అభ్యర్థి అయింది మరుసటి ఏడాది. పేర్ల పంచాయితీ ముందే పెట్టుకుని ఉంటే ఆ కూటమి పోలింగ్ దాకా నిలిచేది కాదని మా అభిప్రాయం.

రెండోది, నియంత దిగిన రోజుకీ ఎన్నికల రోజుకీ మధ్య కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఇది బంగ్లాదేశ్‌ను చూసి నేర్చుకోవాలి. అవామీ లీగ్ నాయకత్వంలోని 8 పార్టీలు, బంగ్లాదేశ్ నేషనలిస్ట్ పార్టీ (బీఎన్‌పీ) నాయకత్వంలోని 7 పార్టీలు, వామపక్షాల 5 పార్టీలు 1990 నవంబరు 19న ఒకే ప్రకటన చేశాయి. సైనిక పాలకుడు ఎర్షాద్ దిగాలి, తటస్థ వ్యక్తి పగ్గాలు తీసుకోవాలి, ఎన్నికలు జరపాలి. రాజ్యాంగం తప్పకుండా ఆ పని ఎలా జరగాలో కూడా అందులో ఉంది: ఉపాధ్యక్షుడు రాజీనామా చేస్తాడు, ఆ పదవిలో తటస్థుణ్ణి నియమిస్తారు, అప్పుడు అధ్యక్షుడు తప్పుకుంటాడు. డిసెంబరు 6న అచ్చంగా అలాగే జరిగింది. ప్రధాన న్యాయమూర్తి షహాబుద్దీన్ అహ్మద్ ఉపాధ్యక్షుడై, వెంటనే తాత్కాలిక అధ్యక్షుడయ్యారు. 1991 ఫిబ్రవరి 27న ఎన్నికలు జరిగాయి. ఆయన తర్వాత తిరిగి తన కోర్టుకు వెళ్లిపోయారు. ఒకరి మాట ఒకరికి పడని రెండు పెద్ద పార్టీలు చేసిన పని ఇదంటే ఇవాళ నమ్మడం కష్టం.

మూడోది, సైన్యంతో ఎవరు మాట్లాడతారు? విడివిడి బేరాలుండవని రాసుకోవాలి. రాసుకున్నా చాలదు. పాకిస్తాన్ మాజీ ప్రధానులు బెనజీర్ భుట్టో, నవాజ్ షరీఫ్ 2006 మే 14న లండన్‌లో ప్రజాస్వామ్య ఒడంబడిక మీద సంతకాలు పెట్టారు. సైనిక ప్రభుత్వంలో చేరబోమన్నది అందులో ఒక మాట. ఏడాదిన్నర తిరక్కుండానే, 2007 అక్టోబరులో, సైనిక పాలకుడు ముషర్రఫ్‌తో బెనజీర్ సర్దుబాటు ఫలితంగా కేసులు ఎత్తేసే ఆర్డినెన్స్ వచ్చింది. ఒడంబడికను మీరితే ఏమవుతుందో, మీరారని ఎవరు చెప్పాలో అందులో లేదు. అయినా ఆ కాగితం వృథా పోలేదు. 2010 ఏప్రిల్‌లో పార్లమెంటు ఆమోదించిన 18వ సవరణలో దాని అంశాలు చాలానే కనిపిస్తాయి. మీ చదువులో బంగ్లాదేశ్ ప్రకటననూ ఈ ఒడంబడికనూ పక్కపక్కన పెట్టి చదవండి.

ప్రశ్న: గణాంక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఓట్లు లెక్కపెట్టేది సైన్యం చేతిలోని ప్రభుత్వమే అయినప్పుడు ప్రతిపక్షం సొంతంగా లెక్క ఎలా కట్టగలదు? అన్ని బూత్‌లకూ మనుషులు దొరకరు కదా! – చిక్కడపల్లి పాఠకుడు

మీ వృత్తికి దగ్గరి ప్రశ్న కాబట్టి కాస్త వివరంగానే చెబుతాం. లెక్కలు రెండు రకాలుగా కట్టాలి. మొదటిది పూర్తి లెక్క. పార్టీ ఏజెంట్లు ప్రతి బూత్ నుంచీ ఫలితం పత్రం నకలు తెచ్చి కలపాలి. కోర్టుకు వెళ్లాలన్నా, బేరానికి కూర్చోవాలన్నా చేతిలో ఉండాల్సింది ఇదే. కానీ ఇది నెమ్మది. రెండోది నమూనా లెక్క. పోలింగ్ రాత్రే ఎవరు గెలిచారో చెప్పగలిగేది ఇది.

నమూనాకు దేశంలోని బూత్‌లన్నిటి జాబితా కావాలి. ప్రాంతాలవారీగా విడగొట్టి లాటరీ పద్ధతిలో వెయ్యి బూత్‌లు తియ్యాలి. బూత్‌కూ బూత్‌కూ ఓట్ల శాతంలో ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే కొలత) 20 ఉందనుకుంటే, వెయ్యి బూత్‌ల మీద తేడా నూటికి తొంభై అయిదు సార్లు అటూ ఇటూ 1.25 శాతం లోపే ఉంటుంది. వంద బూత్‌లతో సరిపెట్టుకుంటే అది దాదాపు 4 శాతం. నాలుగు వేలకు పెంచితే 0.6కు దిగుతుంది, కానీ శిక్షణ, ఫోన్లు, ప్రయాణాల ఖర్చు నాలుగింతలవుతుంది. వెయ్యి దగ్గర ఆగడంలో తెలివి అదే.

తప్పు జరిగేది లెక్కలో కాదు, మనుషుల దగ్గర. ఎంపికైన బూత్ కొండల్లో ఉంటే ఏజెంటు పక్క ఊరి బూత్‌కు వెళ్లి దాని అంకెలు పంపుతాడు. అక్కడితో నమూనా చెడినట్టే. ముందుగా చేరేవి పట్నాల అంకెలు, అక్కడ ప్రతిపక్షానికి బలం ఎక్కువ. ఆ తొందరలో 'గెలిచాం' అని ప్రకటిస్తే అర్ధరాత్రికి మాట మార్చుకోవాల్సి వస్తుంది. అందుకని ప్రతి ప్రాంతం నుంచీ ఎంత శాతం చేరాక నోరు విప్పాలో ముందు రోజే రాసిపెట్టుకోవాలి. ఫోన్లు కట్ చేస్తారని అనుకునే ప్రణాళిక వెయ్యాలి. అంకెలు మోటారు సైకిల్ మీద తేవాల్సొస్తే ఏ దారిలో, ఎవరు తెస్తారు? లెక్క కట్టే చోటు ఒకటే ఉంటే దాడి జరిగిన పూట అంతా పోతుంది, ఇంకోటి రహస్యంగా నడవాలి. వారం ముందు ఒకసారి ఉత్తుత్తి అంకెలతో రిహార్సల్ జరిపితే లోపాలు సగం బయటపడతాయి.

మన దగ్గర పోలింగ్ ముగిశాక ఏజెంటుకు ఇచ్చే ఫారం 17సిలో పోలైన ఓట్ల సంఖ్యే ఉంటుంది, ఎవరికెన్ని అన్నది తర్వాత వేరే చోట లెక్కింపులో తేలుతుంది. చిలీలో లెక్కింపు బూత్ బల్ల దగ్గరే, ఏజెంట్ల కళ్ల ముందే జరిగేది. సొంత లెక్క సాధ్యమైంది అందుకే. లెక్కింపు ఎక్కడ జరగాలన్న నిబంధన మీద ప్రతిపక్షం ఎన్నికల ప్రకటనకు ముందే పోట్లాడాలి.

చిలీలో 1988 అక్టోబరు 5 రాత్రి ప్రభుత్వం మొదట కొద్దిపాటి బూత్‌ల అంకెలతో పినోచెట్ ముందున్నాడని ప్రకటించింది. ఆ పైన గంటల తరబడి మాట్లాడలేదు. ఈలోగా ప్రతిపక్షం చేతిలో సొంత లెక్క ఉంది. పినోచెట్‌ను కలవడానికి అధ్యక్ష భవనంలోకి వెళ్తూ వైమానిక దళాధిపతి మత్తేయి విలేకరులతో 'వద్దు' గెలిచిందన్నాడు. అధికారిక ఫలితం 'వద్దు'కు 56 శాతం. లెక్క ప్రజల కోసం ఎంత అవసరమో, దాచడం కుదరదని సేనానుల్లో కొందరికి తెలియడానికీ అంతే అవసరం. ఫిలిప్పీన్స్‌లో 1986 ఫిబ్రవరిలో తమ తెరల మీది అంకెలకూ బయట పెడుతున్న అంకెలకూ పొంతన లేదని ఎన్నికల సంఘం కంప్యూటర్ ఆపరేటర్లే లేచి బయటికొచ్చారు.

ఇదంతా ఓటరు జాబితాలో పేరుంటేనే. చిలీలో పాత జాబితాలను సైన్యం నాశనం చేసింది, కొత్త నమోదు 1987 ఫిబ్రవరిలోగానీ మొదలుకాలేదు. ప్రతిపక్షం నాడు చేసిన అసలు చాకిరీ నమోదే.

ప్రశ్న: సైన్యంతో కలిసి కొన్నాళ్లు ఉమ్మడి ప్రభుత్వం నడిపితే రక్తపాతం తప్పుతుంది కదా? – మలక్‌పేట పాఠకుడు

తప్పొచ్చు. కానీ ఎవరు ముందు కూర్చుంటారో చూసుకోవాలి. సూడాన్‌లో 2019 ఆగస్టు 17న కుదిరిన ఒప్పందం ప్రకారం మార్పు కాలం 39 నెలలు. 11 మంది సార్వభౌమ మండలికి మొదటి 21 నెలలు సైన్యం అధ్యక్షత, తర్వాతి 18 నెలలు పౌరుల అధ్యక్షత. రక్షణ, హోం మంత్రుల్ని ఎంపిక చేసేది మండలిలోని సైనిక సభ్యులే. తొంభై రోజుల్లో ఏర్పడాల్సిన శాసన మండలి ఎప్పటికీ ఏర్పడలేదు. 2020 అక్టోబరులో తిరుగుబాటు సాయుధ దళాలతో జరిగిన శాంతి ఒప్పందంతో గడియారం మళ్లీ మొదటికొచ్చింది. అధ్యక్షత చేతులు మారాల్సిన వేళ దగ్గర పడుతుండగా, 2021 అక్టోబరు 25న జనరల్ బుర్హాన్ పౌర ప్రధానిని నిర్బంధించాడు.

రెండో వంతు తమదని ఒప్పుకోవడమంటే, మొదటి వంతు వాళ్ల దయ మీద బతకడం. తప్పనిసరై ఒప్పుకుంటే మూడు షరతులైనా పెట్టాలి. చేతులు మారే తేదీని ఏ కొత్త ఒప్పందమూ జరపకూడదు. శాసన సభ ఏర్పడకుండా సైన్యం వంతు మొదలుకాకూడదు. హోం శాఖ పౌరుల దగ్గరే ఉండాలి.

ప్రశ్న: ఆంగ్ సాన్ సూకీ పార్టీ అంత మెజారిటీతో గెలిచింది. అయినా 2021లో ఒక్క రాత్రిలో అంతా ఎలా పోయింది? – కూకట్‌పల్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

ఒక్క రాత్రిలో పోలేదండీ. మయన్మార్‌లో 2008లో సైన్యం రాసిన రాజ్యాంగంలోనే తలుపు తెరిచి పెట్టి ఉంది. పార్లమెంటులో 25 శాతం సీట్లు సైన్యానివి. ముఖ్యమైన సవరణలకు 75 శాతం మించి ఓట్లు కావాలి. అంటే ఎన్నికైన వాళ్లంతా ఏకమైనా, యూనిఫాంలో ఉన్న ఒక్కరు కూడా తోడు రాకపోతే అక్షరం మారదు. రక్షణ, హోం, సరిహద్దు శాఖల మంత్రుల్ని సర్వసేనాధిపతే ఎంపిక చేస్తాడు. అత్యవసర పరిస్థితిలో అధికారం ఆయన చేతికే వెళ్తుంది, అయితే దానికి అధ్యక్షుడి సంతకం కావాలి. 2021 ఫిబ్రవరి 1న అధ్యక్షుణ్ణి నిర్బంధించారు. సైన్యం నామినేట్ చేసిన ఉపాధ్యక్షుడు తాత్కాలిక అధ్యక్షుడై సంతకం పెట్టాడు.

అంతకుముందు అయిదేళ్లలో సూకీ పార్టీ పౌర ప్రభుత్వం చేసిన మంచి పనుల్లో ఒకటి చెప్పుకోవాలి. మన తహసీల్దార్ కార్యాలయాల్లాంటి స్థానిక పాలన యంత్రాంగమంతా హోం శాఖ కింద, అంటే సైన్యం కింద ఉండేది. 2018 డిసెంబరులో దాన్ని పౌర మంత్రిత్వ శాఖకు మార్చారు. రాజ్యాంగ సవరణ అక్కర్లేకుండా అయ్యే పని అది. గెలిచిన మూడేళ్లకు కాదు, మొదటి నెలలో చేయాల్సింది.

థాయ్‌లాండ్‌లో ఇంకో రకం తాళం. 2017 రాజ్యాంగం ప్రకారం సైనిక ప్రభుత్వం ఎంపిక చేసిన 250 మంది సెనేటర్లు తొలి అయిదేళ్లు, అంటే 2024 దాకా, ప్రధాని ఎన్నికలో ఓటేసేవారు. 500 మంది ఎంపీలతో కలిపి 750, అందులో 376 రావాల్సి ఉండేది. 2023లో మూవ్ ఫార్వర్డ్ పార్టీ 151 సీట్లతో మొదటి స్థానంలో నిలిచి ఎనిమిది పార్టీల కూటమి కట్టింది. జులై 13న వాళ్ల అభ్యర్థి పీటాకు వచ్చినవి 324. దిగువ సభలో మెజారిటీ ఉన్న మనిషి ప్రధాని కాలేకపోయాడు.

కాబట్టి పోటీకి ముందే ఒక న్యాయవాదుల బృందం రాజ్యాంగాన్ని ముందేసుకుని నాలుగు నిలువు గడుల పట్టిక గీయాలి. ఏ నిబంధన మనల్ని ఆపుతుంది? దాన్ని మార్చడానికి ఎన్ని ఓట్లు కావాలి? మామూలు చట్టంతోనో, మంత్రివర్గ ఉత్తర్వుతోనో మార్చగలిగేవి ఏవి? బేరంలో దేనికి బదులు దేన్ని వదులుకోవచ్చు? చిలీ ప్రతిపక్షం 'వద్దు' గెలుపు వేడి చల్లారకముందే ఈ బేరానికి దిగింది. 1989 జులై 30న 54 సవరణలు జనామోదం పొందాయి. ఎన్నికయ్యే సెనేటర్లు 26 నుంచి 38కి పెరిగారు, దాంతో నామినేటెడ్ తొమ్మిది మంది బరువు తగ్గింది. ప్రభుత్వ రాగి కంపెనీ ఎగుమతుల రాబడిలో 10 శాతం సైన్యానికి పోయే చట్టం మాత్రం కదల్లేదు. అది రద్దయింది 2019లో.

ప్రశ్న: హత్యలు చేయించిన అధికారుల్ని శిక్షిస్తామంటే సైన్యం దిగదు. క్షమిస్తామంటే బాధితులు ఒప్పుకోరు. ఏం చెప్పాలి? – శాలిబండ పాఠకురాలు

ప్రచారంలో చెప్పింది, గెలిచాక చేసేది ఒకటే అయ్యేంత స్పష్టంగా చెప్పాలి. అర్జెంటీనాలో సైనికులు దిగే ముందు 1983 సెప్టెంబరులో తమకు తామే క్షమాభిక్ష పెట్టుకున్నారు. దాన్ని ఒప్పుకోనని చెప్పిన అల్ఫోన్సిన్ గెలిచాడు, డిసెంబరులోనే పార్లమెంటు దాన్ని రద్దు చేసింది. ఆయన ముందునుంచీ బాధ్యతను మూడు అంతస్తులుగా చెప్పాడు: ఆజ్ఞలిచ్చిన వాళ్లు, ఆజ్ఞ పాటించిన వాళ్లు, ఆజ్ఞ మించి అకృత్యాలు చేసిన వాళ్లు. మొదటి, మూడో అంతస్తుల మీదే విచారణ జరగాలన్నది ఆయన ఉద్దేశం. 1985 డిసెంబరు 9 తీర్పులో తొమ్మిది మంది సేనానుల్లో అయిదుగురికి శిక్ష పడింది.

బెడిసింది ఆ తర్వాత. ఆజ్ఞ పాటించిన వాళ్ల గీత చట్టంలో గట్టిగా పడలేదు. కేసులు కింది అధికారుల దాకా పాకాయి. 1986 చివర్లో కొత్త కేసులకు 60 రోజుల గడువు పెడుతూ ఒక చట్టం తెస్తే, కోర్టులు ఆ గడువులోనే వందల మందికి సమన్లు పంపాయి. 1987 ఈస్టర్ వారంలో మధ్యస్థాయి అధికారులు తిరగబడ్డారు. జూన్‌లో, ఆజ్ఞ పాటించిన వాళ్లను శిక్షించకూడదనే ఆజ్ఞాపాలన చట్టం తేక తప్పలేదు. ఆ రెండు చట్టాలూ చెల్లవని సుప్రీంకోర్టు తేల్చేసరికి 2005 వచ్చింది.

మా సలహా: విచారణ ఎవరి దాకా వెళ్తుందో ఎన్నికలకు ముందే ప్రకటించండి. సాక్ష్యాలు, రికార్డులు చెదిరిపోకుండా కాపాడే పని మొదటి రోజే మొదలుపెట్టండి. రికార్డులుంటే ఇరవై ఏళ్లకైనా కేసు నిలబడుతుంది.

ప్రశ్న: నేను రిటైర్డ్ సుబేదార్‌ని. రాజకీయ నాయకులకు ఫౌజు సంగతులు ఏమీ తెలియవు. రేపు వాళ్లే రక్షణ శాఖ నడపాలంటే ఎలా? – తిరుమలగిరి పాఠకుడు

సుబేదార్ గారూ, మీరన్నది నిజం. అధికారానికి దూరంగా ఉన్న ప్రతిపక్షంలో విద్యకూ వైద్యానికీ నిపుణులుంటారు, రక్షణ బడ్జెట్ చదవగలిగిన వాళ్లు దొరకరు. పదిమంది యువ ఆర్థికవేత్తలు, న్యాయవాదుల్ని రెండేళ్ల ముందే ఈ పనికి పెట్టాలి. జీతాలు, పింఛన్లు, కొనుగోళ్లు, సైన్యం నడిపే కంపెనీలు ఏవి ఎక్కడున్నాయో ఒక చిట్టా రాయాలి. రిటైరైన అధికారుల సాయం లేకుండా అది పూర్తవదు.

కింది ర్యాంకుల జీతభత్యాలు, పింఛన్లు, క్వార్టర్లు ముట్టుకోబోమని బహిరంగంగా చెప్పాలి. సిపాయికీ సేనానికీ ప్రయోజనాలు ఒకటి కావు, ప్రతిపక్షం ఈ తేడాను తరచూ మరిచిపోతుంది. నియామకాల మీద పట్టు త్వరగా సంపాదించాలి. దక్షిణ కొరియాలో కిమ్ యంగ్ సామ్ 1993 ఫిబ్రవరిలో అధ్యక్షుడయ్యాడు, కొద్ది వారాల్లోనే సైన్యాధిపతిని మార్చి, 'హనాహే' అనే అధికారుల రహస్య ముఠాను విడగొట్టాడు. ఎవరు ముఠాలో ఉన్నారో, వాళ్ల స్థానంలోకి ఎవరొస్తారో ముందే తెలియకపోతే అంత వేగం కుదరదు.

ఇండొనేషియా దారి నెమ్మది. 1998లో సుహార్తో దిగాక పోలీసుల్ని 1999 ఏప్రిల్‌లో సైన్యం నుంచి వేరు చేశారు. పార్లమెంటులో సైన్యం సీట్లు 75 నుంచి 38కి, 2004కి సున్నాకి వచ్చాయి. అదే ఏడాది చట్టం సైన్యం వ్యాపారాల్ని అయిదేళ్లలో ప్రభుత్వం తీసుకోవాలంది. సీట్లు పోవడం తేలికైంది, వ్యాపారాలు పోవడం కష్టమైంది.

ప్రశ్న: మా నాన్నగారు జనరల్ చౌదరి పాలన గురించి చెప్పేవారు. మన హైదరాబాద్ కూడా సైనిక పాలన నుంచి బయటపడిందే కదా? దాన్ని ఎవరూ ఉదాహరణగా చెప్పరెందుకు? – నారాయణగూడ పాఠకుడు, వయసు 78

మంచి మాట గుర్తు చేశారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి మిలిటరీ గవర్నర్‌గా 1949 చివరి దాకా ఉన్నారు. 1950 జనవరి 26 నుంచి ఐసీఎస్ అధికారి ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి. ఆ ఏడాదే కొందరు కాంగ్రెస్ నాయకుల్ని మంత్రులుగా తీసుకున్నారు. తొలి ఎన్నికల తర్వాత 1952 మార్చి 6న బూర్గుల రామకృష్ణారావు ప్రభుత్వం వచ్చింది. చిలీతో దీన్ని పోల్చకపోవడానికి కారణముంది. ఇక్కడి సైనిక గవర్నర్ ఢిల్లీలోని పౌర ప్రభుత్వానికి జవాబుదారీ. దిగిపొమ్మంటే దిగే సైన్యం అది.

అయినా నేర్చుకునేవి రెండున్నాయి. ప్రతిపక్షాన్ని బరిలోకి రానివ్వడం ఒకటి. కమ్యూనిస్టులు 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. పార్టీ మీద నిషేధం ఉన్నా పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో పోటీ చేసి 175 స్థానాల అసెంబ్లీలో 42 గెలిచారు. నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. తుపాకీ పట్టిన వాళ్లు నాలుగైదు నెలల్లో అసెంబ్లీ బెంచీల మీద కూర్చున్నారు.

రెండోది, ఎన్నిక కాని ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాలు ఎన్నికైన ప్రభుత్వం నెత్తిన పడటం. ఆ మూడున్నరేళ్లలో బయటి ప్రాంతాల నుంచి తెచ్చిన ఉద్యోగుల మీద కోపం బూర్గుల గద్దెనెక్కిన ఆరు నెలలకే ముల్కీ ఉద్యమంగా పేలింది. 1952 సెప్టెంబరులో సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. మంచివీ అలాగే మిగిలాయి. జాగీర్ల రద్దు 1949 ఆగస్టులో, చౌదరి హయాంలో వచ్చింది. కౌలుదారీ చట్టం 1950లో, వెల్లోడి కాలంలో వచ్చింది. రెండింటి మీదా ఏ అసెంబ్లీలోనూ చర్చ జరగలేదు. మన జిల్లాల భూమి తగాదాల్లో ఇప్పటికీ వినబడే 'రక్షిత కౌలుదారు' ఆ 1950 చట్టంలోని మాటే.